ఓడింది పిల్లోడైతే ఉస్తాద్‌ను మార్చేస్తారా?



బౌట్ ఓడిన మర్నాడే ఉస్తాద్‌ను మార్చేయడం మన ఇళ్లలో ఒక రివాజైపోయింది. కుర్రాడి కంటి కింద వాపు కూడా తగ్గదు, ఈలోపే దస్తర్ఖాన్ చుట్టూ ఫైసలా అయిపోతుంది. "ఆయన దగ్గర ఏం లేదు భాయ్, పిల్లోణ్ణి బర్బాద్ చేశాడు" అంటాడు మామూ. "సిటీలో ఒకాయన ఉన్నాడంట, ఆయన షాగిర్దులు అందరూ మెడల్ కొడుతున్నారంట" అంటాడు చాచా. నాలుగేళ్లు ఫజర్ కాకముందే లేచి తలుపు కొట్టి పిల్లోణ్ణి పరుగుకి తీసుకెళ్లిన మనిషి, ఒక్క సాయంత్రంలో ముజ్రిమ్ అయిపోతాడు.

ఈ అలవాటు మీద నాకు గుస్సా ఉంది. ఇది అదబ్‌కి సంబంధించిన మాట అని చాలామంది అనుకుంటారు. "ఉస్తాద్‌కి ఇజ్జత్ ఇవ్వాలి కదా" అని ఒక నసీహత్ చెప్పి వదిలేస్తారు. నేనిక్కడ ఆ మాట ఎత్తడం లేదు. అదబ్‌ని కాసేపు పక్కన పెట్టి, ఒట్టి లాభనష్టాల లెక్కే చూద్దాం. ఓడిన వెంటనే ట్రైనర్‌ను మారిస్తే బాక్సర్‌కి ఫాయిదా ఉంటుందా? నా జవాబు: చాలాసార్లు ఉండదు. ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. అసలు చిక్కు ఆ కనిపించడంలోనే ఉంది.

అది ఎందుకు కనిపిస్తుందో ముందు చెబుతాను. ఓడిన బాక్సర్‌కి తర్వాతి బౌట్ ఎవరితో పెడతారు? వాణ్ణి ఓడించినవాడితో కాదు, ఎప్పుడో గానీ. కాస్త తేలికైనవాణ్ణి వెతికి పెడతారు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఇది బహిరంగ రహస్యం. కుర్రాడికి ధైర్యం రావాలి, టికెట్లు అమ్ముడుపోవాలి. ఆ బౌట్ గెలుస్తాడు. గెలుపు ఎవరి ఖాతాలో పడుతుంది? కొత్త ట్రైనర్ ఖాతాలో. పాత ఉస్తాద్ ఉన్నా అదే ప్రత్యర్థిని అలాగే కొట్టేవాడేమో అని ఎవడూ ఆలోచించడు. నజర్ దిగిందని నిమ్మకాయలు కోసినవాడు, జ్వరం దానంతట అది తగ్గినా నిమ్మకాయకే శుక్రియా చెబుతాడు చూడండి, అలాంటిదే ఇది.

మీకు బాగా తెలిసిన పేరుతోనే మొదలుపెడతాను. ఆమిర్ ఖాన్. సినిమా ఆయన కాదు, బోల్టన్ కుర్రాడు, పాకిస్తానీ మూలాలున్న బ్రిటిష్ ముసల్మాన్. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్లకే వెండి పతకం కొట్టాడు. ఆ రోజుల్లో మన ఇళ్లలో కూడా టీవీల ముందు కూర్చుని చూశారు. ప్రొఫెషనల్ అయ్యాక ఆలివర్ హారిసన్ దగ్గర తాలీమ్. 2008లో ఓటమి లేకుండానే ఆయనను వదిలేశాడు. హోర్హే రూబియో అనే క్యూబా ట్రైనర్ వచ్చాడు. ఆ కొత్త చేతుల కింద దిగిన బౌట్‌లో, మాంచెస్టర్‌లో, బ్రైడిస్ ప్రెస్కాట్ 54 సెకన్లలో పడగొట్టాడు. యాభై నాలుగు సెకన్లు! వుజూ చేసుకోవడానికి పట్టేంత సేపు కూడా కాదు.

రూబియోను తీసేశాడు. అమెరికా వెళ్లి ఫ్రెడ్డీ రోచ్ దగ్గర చేరాడు. ఇక్కడ నా ప్రత్యర్థులు చప్పట్లు కొడతారు. ఎందుకంటే 2009 జూలైలో ఆండ్రీ కోటెల్నిక్‌ను ఓడించి ఆమిర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. నిజమే, రోచ్ గొప్ప ఉస్తాద్, దాన్ని ఇన్కార్ చేయను. కానీ మధ్యలో ఏం జరిగిందో చూడండి. ప్రెస్కాట్ తర్వాత పెట్టిన మొదటి ప్రత్యర్థి ఐర్లాండ్‌కు చెందిన ఓషిన్ ఫాగన్, రెండు రౌండ్లలో అయిపోయింది. ఆ ఫాగన్‌ను కొట్టడానికి లాస్ ఏంజెలిస్ దాకా పోవాల్సిన జరూరత్ లేదు. ప్రెస్కాట్‌తో మాత్రం మళ్లీ ఎప్పుడూ తలపడలేదు.

తర్వాత కథ ఇంకా చూడండి. 2011 డిసెంబర్‌లో లామంట్ పీటర్సన్ చేతిలో, 2012 జూలైలో డానీ గార్సియా చేతిలో ఓటమి. గార్సియా నాలుగో రౌండ్‌లోనే ముగించాడు. అప్పుడు రోచ్‌ను కూడా వదిలేశాడు. వర్జిల్ హంటర్ వచ్చాడు. "నిలకడ నేర్పిస్తాడు, డిఫెన్స్ నేర్పిస్తాడు" అన్నారు. కొంత నేర్పించాడు కూడా. 2014లో డెవాన్ అలెగ్జాండర్ మీద ఆమిర్ ఆడిన ఆట చూస్తే ముచ్చటేస్తుంది. కానీ 2016లో కనెలో అల్వారెజ్ ఒక్క కుడిచేతి దెబ్బతో ఆరో రౌండ్‌లో నేలకూల్చాడు. 2022లో ఆఖరి బౌట్‌కు టెరెన్స్ క్రాఫర్డ్ ట్రైనర్ బ్రయన్ మెకింటైర్‌ను పెట్టుకున్నాడు. కెల్ బ్రూక్ చేతిలో ఆరో రౌండ్‌లో ఆట ఆపేశారు.

ఇంతమంది ఉస్తాద్‌లు మారారు. మారనిది ఒకటే: దెబ్బ తగలగానే వెనక్కి తగ్గకుండా, తానూ కొడదామని ముందుకు దూకే ఆ కుర్రతనం. దాంతోపాటు ఆ దెబ్బలకు ఓర్చుకోలేని దవడ. దవడను ఏ ట్రైనర్ మార్చగలడు? అలవాటును మార్చవచ్చు. కానీ ఒక అలవాటు వదలాలంటే ఒకే గొంతు ఏళ్ల తరబడి చెవిలో పడుతుండాలి. ప్రతి రెండు మూడేళ్లకు కొత్త గొంతు, కొత్త భాష, కొత్త పద్ధతి అయితే, ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో శరీరం అవన్నీ మర్చిపోతుంది. చిన్నప్పుడు గల్లీలో నేర్చుకున్నదే బయటికొస్తుంది.

ఇప్పుడు దీనికి ఉల్టా ఉదాహరణ. ఇది చాలా పాతది, కానీ నాకు ఇంతకంటే సాఫ్‌గా కనిపించే సబూత్ ఇంకోటి లేదు. 1936 జూన్‌లో న్యూయార్క్‌లో జో లూయీ మొదటిసారి ఓడిపోయాడు. జర్మనీ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ పన్నెండో రౌండ్‌లో పడగొట్టాడు. ఎలా? లూయీ ఎడమచేత్తో జాబ్ వేసి, ఆ చేతిని గార్డ్‌లోకి తెచ్చుకోకుండా కిందికి జార్చేస్తాడు. ష్మెలింగ్ ఈ గలతీని ముందే పసిగట్టాడు. చేయి జారిన ప్రతిసారీ తన కుడిచేతిని ఆ ఖాళీలోంచి పంపించాడు. ఇది ట్రైనర్ తప్పు కాదా అంటే, అవును, తప్పకుండా ట్రైనర్ తప్పే! జాక్ బ్లాక్‌బర్న్ దాన్ని ముందే సరిదిద్ది ఉండాల్సింది. మన మామూ గనక అక్కడుంటే బ్లాక్‌బర్న్ సామాన్లు ఆ రాత్రే బయట పడేసేవాడు.

లూయీ పడేయలేదు. అదే బ్లాక్‌బర్న్‌తో జిమ్‌కి వెళ్లి అదే ఎడమచేతి మీద పని చేశాడు. మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్. 1938 జూన్ 22న మళ్లీ ష్మెలింగ్ ఎదురుపడ్డాడు. 124 సెకన్లలో ముగిసిపోయింది. ఆ గలతీ ఎక్కడుందో, ఎప్పట్నుంచి ఉందో, ఎందుకు వచ్చిందో ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి బ్లాక్‌బర్నే. కొత్తవాడికి అది తెలుసుకోవడానికే ఆరు నెలలు పట్టేది.

"మరి లెన్నాక్స్ లూయిస్ మాటేమిటి?" అని అడుగుతారు. అడగాలి కూడా. ఈ బహస్‌లో ఎవరైనా ముందుగా తీసే పత్తా అదే. 1994 సెప్టెంబర్‌లో వెంబ్లీలో ఆలివర్ మెకాల్ రెండో రౌండ్‌లోనే లూయిస్‌ను పడగొట్టాడు. లూయిస్ తన ట్రైనర్ పెపె కొరియాను తీసేసి ఇమాన్యుయేల్ స్టీవార్డ్‌ను తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన తన తరంలో అందరికంటే గొప్ప హెవీవెయిట్ అయ్యాడు. ఇది ఒప్పుకుంటాను. కానీ స్టీవార్డ్ ఎవరు? ఆ రాత్రి మెకాల్ కార్నర్‌లో కూర్చున్నది ఆయనే. లూయిస్‌ను ఎక్కడ కొట్టాలో మెకాల్‌కు నేర్పింది ఆయనే. తన ఇంట్లో ఎక్కడ చిల్లుందో కనిపెట్టిన మనిషినే లూయిస్ మరమ్మతుకు పిలిచాడు. ఇది గుస్సాలో చేసిన మార్పు కాదు, మర్జ్ తెలుసుకుని హకీమ్‌ను ఎంచుకోవడం.

అసలు మజా తర్వాత ఉంది. 2001 ఏప్రిల్‌లో, దక్షిణాఫ్రికాలో, అదే లూయిస్ హసీమ్ రహ్మాన్ చేతిలో ఐదో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. ఈసారి కార్నర్‌లో ఉన్నది స్టీవార్డే. అంతకుముందు లూయిస్ ఒక హాలీవుడ్ సినిమా షూటింగ్‌లో తిరిగాడు. ఎత్తు ప్రదేశానికి ఆలస్యంగా చేరాడు, గాలి సరిపోక ఆయాసపడ్డాడు. "ఓడితే ట్రైనర్‌ను మార్చాలి" అన్న సూత్రమే నిజమైతే స్టీవార్డ్‌ను తీసేయాలి కదా? తీసేయలేదు. నవంబర్‌లో రహ్మాన్‌ను నాలుగో రౌండ్‌లో పడగొట్టి బెల్ట్ వాపస్ తెచ్చుకున్నాడు. ఒకే మనిషి, రెండు ఓటములు. ఒకసారి మార్చాడు, ఒకసారి మార్చలేదు, రెండుసార్లూ గెలిచాడు. రెండుసార్లూ చేసిన పని ఒక్కటే: ఎందుకు ఓడాడో తెలుసుకోవడం.

అదే ఏప్రిల్ నెలలో, లూయిస్ ఓటమికి రెండు వారాల ముందు, లాస్ వేగాస్‌లో ఇంకో బాక్సర్ ఓడిపోయాడు. అతని క్యాంపులో కూడా స్టీవార్డ్ ఉన్నాడు. నసీమ్ హమీద్. షెఫీల్డ్‌లో పెరిగిన యెమెనీ కుటుంబం పిల్లోడు. (మన హైదరాబాద్ బార్కాస్‌లో హద్రమీ ఖాందాన్లకు ఈ పేరు చెబితే కళ్లు వెలుగుతాయి.) ఏడేళ్ల వయసులో బ్రెండన్ ఇంగిల్ అనే ఐరిష్ ఉస్తాద్ జిమ్‌లో అడుగుపెట్టాడు. ఆ చేతులు కిందికి వేలాడేసి తలను ఊపుతూ తప్పించుకునే ఆట, ఆ పాదాల చలాకీతనం, అన్నీ ఇంగిల్ ఇల్మే. 1998లో పైసల గొడవలతో, అహంకారంతో ఇద్దరూ విడిపోయారు. అప్పటికి హమీద్ ఒక్క బౌట్ కూడా ఓడలేదు. కొత్త ట్రైనర్లు వచ్చారు, పేరున్నవాళ్లే. 2001 ఏప్రిల్ 7న మార్కో ఆంటోనియో బరేరా పన్నెండు రౌండ్లూ పాఠం చెప్పినట్టు కొట్టాడు. హమీద్ ఆ తర్వాత ఒక్కసారే రింగ్‌లోకి వచ్చాడు.

చూశారా, లూయిస్‌ను నిలబెట్టిన స్టీవార్డే హమీద్‌ను నిలబెట్టలేకపోయాడు. ట్రైనర్ పేరు తావీజు కాదు.

స్టీవార్డ్ దగ్గరే ఇంకో సంగతి. వ్లాదిమిర్ క్లిచ్కో 2003లో కోరీ శాండర్స్ చేతిలో చిత్తయ్యాడు. స్టీవార్డ్ వచ్చాడు. 2004 ఏప్రిల్‌లో లామన్ బ్రూస్టర్ చేతిలో మళ్లీ ఓటమి, ఐదో రౌండ్‌లో. కొత్త ఉస్తాద్, కొత్త ఓటమి! మన ఖాందాన్ అయితే "ఈయన కూడా దండగే" అని మూడోవాణ్ణి వెతికేవాళ్లు. క్లిచ్కో సబర్ పట్టాడు. ఆ తర్వాత పదకొండేళ్లకు పైగా, 2015 నవంబర్‌లో టైసన్ ఫ్యూరీ వచ్చేదాకా, ఎవరి చేతిలోనూ ఓడలేదు. బ్రూస్టర్‌ను కూడా 2007లో కొట్టి హిసాబ్ బరాబర్ చేశాడు.

దీని పక్కన ఆంథొనీ జాషువాను పెట్టి చూడండి. 2019లో ఆండీ రూయిజ్ చేతిలో ఓడినప్పుడు రాబ్ మెక్‌క్రాకెన్‌ను వదల్లేదు, ఆర్నెల్లకు సౌదీలోని దిరియాలో తిరిగి గెలిచాడు. 2021లో ఊసిక్ చేతిలో ఓడగానే మార్చాడు. రాబర్ట్ గార్సియా వచ్చాడు. జెద్దాలో రీమ్యాచ్‌లో ఆట కొంచెం మెరుగైంది, ఇన్సాఫ్‌గా చెప్పాలి, అయినా ఓడాడు. తర్వాత డెరిక్ జేమ్స్. తర్వాత బెన్ డేవిసన్. 2024 సెప్టెంబర్‌లో వెంబ్లీలో డుబోయ్ అతన్ని పడగొట్టాడు. రెండేళ్లలో ముగ్గురు ఉస్తాద్‌లు. ఏ ఒక్కరి సబక్ అయినా రక్తంలో ఇంకడానికి టైమ్ ఏది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంతవరకు చెప్పింది గెలుపోటముల లెక్క. దీనికంటే పెద్ద మాట ఒకటుంది. పిల్లోడి తల.

2020 ఫిబ్రవరిలో డియాంటే వైల్డర్‌ను ఫ్యూరీ ఏడో రౌండ్ దాకా చావగొట్టాడు. చెవిలోంచి రక్తం, కాళ్లలో బలం లేదు. కార్నర్‌లో ఉన్న మార్క్ బ్రీలాండ్ తెల్ల టవల్ విసిరి బౌట్ ఆపించాడు. బ్రీలాండ్ ఎవరో కాదు, 1984 ఒలింపిక్ స్వర్ణ విజేత, ఆ దెబ్బలంటే ఏమిటో తెలిసినవాడు. వైల్డర్ ఏం చేశాడు? ఆయన మీద నిందలు మోపి పనిలోంచి తీసేశాడు. తన జాన్ కాపాడినవాణ్ణి! మలిక్ స్కాట్‌ను పెట్టుకుని 2021లో మళ్లీ ఫ్యూరీతో దిగాడు. ఈసారి ఎవరూ టవల్ వేయలేదు, పదకొండో రౌండ్‌లో నేలమీద పడుకున్నాడు. బహాదురీగా ఆడాడు, అందరూ మెచ్చుకున్నారు. ఆ నాలుగు రౌండ్ల అదనపు దెబ్బల లెక్క మాత్రం ముసలితనంలో తేలుతుంది.

1975లో మనీలాలో జో ఫ్రేజియర్, ముహమ్మద్ అలీ ఒకరినొకరు చంపుకునేంతగా కొట్టుకున్నారు. పద్నాలుగు రౌండ్లు అయ్యాయి. ఒక్క రౌండే మిగిలింది. ఫ్రేజియర్ కళ్లు మూసుకుపోయాయి, దెబ్బలు కనిపించడం లేదు. ఇంకా ఆడతానని మొండికేశాడు. ట్రైనర్ ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు, బౌట్ ఆపేశాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూడు నిమిషాల దూరంలో ఉన్నప్పుడు! ఫ్రేజియర్‌కు కోపం వచ్చి ఉంటుంది, ఎవరికి రాదు? కానీ తర్వాతి బౌట్‌కు కూడా ఫచ్‌తోనే వెళ్లాడు. నాకు ఆ ఇద్దరి మీదా ఇజ్జత్ ఉంది. మీ పిల్లోడి కార్నర్‌లో ఎవరుండాలో మీరే చెప్పండి: ఆపగలిగే ఫచ్‌లాంటివాడా, "కొట్టు బేటా, కొట్టు" అని తోసేవాడా?

ఆ అలీ సంగతి కూడా చెప్పాలి కదా. ఐదు ఓటములు: ఫ్రేజియర్, నార్టన్, స్పింక్స్, హోమ్స్, బెర్బిక్. ఐదుసార్లూ కార్నర్‌లో ఏంజెలో డండీయే. నార్టన్ దవడ విరగ్గొట్టినా, కుర్రాడైన స్పింక్స్ బెల్ట్ లాక్కున్నా డండీని తప్పించలేదు. 1980లో హోమ్స్ మీద అలీ చేతులు లేవని పరిస్థితిలో పదో రౌండ్ తర్వాత ఆపించింది కూడా డండీయే. అలీ ముసల్మాన్, డండీ ఇటాలియన్ క్రైస్తవుడు. ఇద్దరి మధ్య ఇరవై ఏళ్ల భరోసా. అలీ ట్రైనర్‌ను మార్చింది కెరీర్ మొదట్లో, ఓటమి లేకుండా. ఆర్చీ మూర్ క్యాంపులో ఇల్లు ఊడ్చే, గిన్నెలు కడిగే పనులు చెబుతుంటే వచ్చేశాడు. ఆ ఉమ్రలో ఎవడైనా వచ్చేస్తాడు.

మా ఇంట్లో సంగతి ఒకటి. మా తమ్ముడు జిల్లా స్థాయిలో ఆడేవాడు. 17 ఏళ్లప్పుడు ఒక టోర్నమెంట్‌లో తలకు గట్టి దెబ్బలు తగిలి రెఫరీ బౌట్ ఆపేశాడు. నేనప్పుడు దమ్మామ్‌లో ఉద్యోగంలో ఉన్నాను, ఫోన్‌లో విన్నదే. వాడి పాత ఉస్తాద్ ఒకటే మాట అన్నాడంట: "నెల రోజులు గ్లోవ్స్ ముట్టుకోవద్దు, పరుగు కూడా వద్దు, డాక్టర్ చెప్పాకే రా." ఇది ఆయన సొంత రహమ్ కాదు, కాయిదా. తలదెబ్బతో నాకౌట్ అయినా, బౌట్ ఆపేసినా కనీసం 30 రోజులు స్పారింగ్ కూడా చేయకూడదని అమెచ్యూర్ బాక్సింగ్ నియమం. మా మామూకి అది పిరికితనంలా కనిపించింది. అబ్బాను ఒప్పించి వేరే ఊళ్లో ఇంకో ట్రైనర్ దగ్గర చేర్పించాడు. కొత్తాయనకు తన హునర్ చూపించాలన్న తొందర. పాత దెబ్బ సంగతి ఎవరూ ఆయనకు సరిగ్గా చెప్పలేదు, ఆయనా అడగలేదు. పదో రోజునే తనకంటే రెండు వెయిట్‌లు పైనున్న సీనియర్‌తో స్పారింగ్ పెట్టాడు. ఆ రాత్రి నుంచి తలనొప్పి, వెలుతురు చూస్తే వాంతి. నాలుగు నెలలు పట్టింది మామూలు మనిషి కావడానికి. అల్హమ్దులిల్లాహ్, ఇప్పుడు బాగానే ఉన్నాడు, మొబైల్ రిపేర్ దుకాణం నడుపుతున్నాడు. గ్లోవ్స్ మళ్లీ తొడగలేదు.

ఆ కొత్త ట్రైనర్ దుర్మార్గుడు అని నేననడం లేదు. ఓడిన కుర్రాణ్ణి తీసుకున్న ప్రతి కొత్త ట్రైనర్ మీదా ఇదే దబావ్ ఉంటుంది. "నా దగ్గరికి వచ్చాక గెలిచాడు" అనిపించుకోవాలి, అదీ జల్దీ. విశ్రాంతి కావాల్సిన సమయంలోనే పని ఎక్కువ పెడతాడు. ఓటమి తర్వాత మార్పు ఎందుకు ఖతర్నాకో అర్థం కావాలంటే ఇంతకంటే ఏం చెప్పాలి?

మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ దగ్గరికి వద్దాం. ఆమె దారి చూడండి. మొదటి అక్షరాలు నిజామాబాద్‌లో శంసముద్దీన్ సాబ్ దగ్గర. 2009లో విశాఖపట్నం సాయ్ కేంద్రానికి వెళ్లి ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ. వెంకటేశ్వరరావు దగ్గర తాలీమ్ తీసుకుంది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. ఇక్కడ ఉస్తాద్ మారాడు, కానీ ఓటమి వల్ల కాదు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి, చిన్న మదర్సా నుంచి పెద్ద మదర్సాకి వెళ్లినట్టు. ఇలాంటి మార్పుకు నేను ఖిలాఫ్ కాదు, పైగా మంచి ఉస్తాద్ తానే పంపిస్తాడు.

ఓటములు ఆమెకూ వచ్చాయి. 2019 డిసెంబర్‌లో మేరీ కోమ్‌తో ట్రయల్‌లో 9-1 తేడాతో ఓడింది. దేశమంతా చూసింది, సోషల్ మీడియాలో ఎన్ని మాటలో! 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది, మాషా అల్లాహ్. 2024లో పారిస్‌లో వూ యూ చేతిలో 5-0తో ఓడింది. ఆ రోజు వాట్సాప్‌లో మనవాళ్లు కోచ్‌లను తిట్టని తిట్టు లేదు. భాయీ, నిఖత్‌కు సీడింగ్ లేదు. ప్రీక్వార్టర్స్‌లోనే టాప్ సీడ్ ఎదురైంది. ఆ వూ యూనే చివరికి ఆ వెయిట్‌లో స్వర్ణం కొట్టింది. డ్రా ఇలా పడితే ఏ కోచ్ ఏం చేస్తాడు? ఓటమికి కారణం కోచ్ కావచ్చు, డ్రా కావచ్చు, వజన్ తగ్గించడంలో పోయిన బలం కావచ్చు, ప్రత్యర్థి మనకంటే మేలు కావచ్చు. ఈ చివరి కారణం మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు.

శంసముద్దీన్ సాబ్ పేరు ఎత్తాను కాబట్టి: ఆయన కొడుకు హుసాముద్దీన్ కామన్వెల్త్ క్రీడల్లో 2018లో, 2022లో కాంస్యం తెచ్చాడు, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లోనూ కాంస్యం. అక్కడ సెమీఫైనల్‌కు మోకాలి గాయంతో దిగలేదు. పతకం రంగు మారే అవకాశాన్ని మోకాలి కోసం వదులుకోవడం అంత ఆసాన్ కాదు. మనలో ఎంతమంది అబ్బాలు దానికి ఒప్పుకుంటారు?

అయితే ఎప్పటికీ మార్చకూడదా? అలా అనడం గులామీ అవుతుంది. కొందరు ఉస్తాద్‌లు షాగిర్ద్‌ను తమ జాగీరు అనుకుంటారు. "నేను చేసిన పిల్లోడు, ఎక్కడికి పోతాడు" అంటారు. ఓడినప్పుడు రెఫరీని తిడతారు, జడ్జీలను తిడతారు, పిల్లోణ్ణి నలుగురిలో తిడతారు, తమ వంతు మాత్రం ఎప్పుడూ ఉండదు. అలాంటివాళ్ల దగ్గర్నుంచి ఓడినప్పుడే కాదు, గెలిచినప్పుడు కూడా తీసుకొచ్చేయండి. జ్వరంతో ఉన్న పిల్లోణ్ణి వజన్ కోసం స్వెటర్ వేసి పరుగెత్తించేవాడు, తలదెబ్బను దాచిపెట్టేవాడు, వయసు సర్టిఫికెట్ మారుద్దామనేవాడు, వీళ్లకు సెలవు చెప్పడానికి ఓటమి దాకా ఆగడం ఎందుకు?

మిగతావాళ్ల విషయంలో నేను చెప్పేది ఇంతే. బౌట్ వీడియో ఉంటే ఉస్తాద్, కుర్రాడు, మీరు ముగ్గురూ కూర్చుని చూడండి. ఓడిన రాత్రి కాదు, వారం పది రోజులు పోనిచ్చి, గుస్సా చల్లారాక. ఒకే ఒక సవాల్ అడగండి: "ఇందులో మన గలతీ ఏది?" ఆయన వీడియో ఆపి, "ఇక్కడ చూడండి, రెండో రౌండ్‌లో చేయి కిందికి జారుతోంది, ఇది నేను సరిచేయలేదు, ఇప్పుడు చేస్తా" అంటే ఆయన బ్లాక్‌బర్న్. వదులుకోకండి. "అంతా బాగానే ఆడాడు, మోసం చేశారు" అని లేచిపోతే, అప్పుడు ఆలోచించండి. "నా దగ్గరున్నది ఇంతే, ఫలానా చోటికి పంపండి" అంటే ఆయన చేతులు ముద్దు పెట్టుకుని పంపండి.

నాకు తెలిసిన ఒక అబ్బా మొన్న జుమా తర్వాత ఇదే మష్వరా అడిగారు. 16 ఏళ్ల కొడుకు, రాష్ట్ర పోటీల్లో మొదటి రౌండ్‌లోనే ఓడాడు. కొత్త చోట ఫీజు పాతదానికి మూడింతలు, హాస్టల్ వేరే. మీ వాడు ఎందుకు ఓడాడు అంటే ఆయన దగ్గర జవాబు లేదు. కొడుకును అడిగారా అంటే, లేదు. ఉస్తాద్‌ను? లేదు. ఇంటర్ మార్కులు తగ్గితే కాలేజీ మార్చడం, జీతం పెరగకపోతే కఫీల్‌ను తిట్టడం, కోడలు నవ్వకపోతే మ్యారేజ్ బ్రోకర్‌ను తిట్టడం, అన్నీ ఇదే ఖిస్సా అని నవ్వుతూనే అన్నాను. ఆయన కూడా నవ్వారు, కాస్త ఇబ్బందిగానే.

ఇంత విన్నాక కూడా మార్చాల్సిందే అని ఫైసలా చేసుకుంటే, కనీసం ఇలా చేయండి. పాత ఉస్తాద్‌కు వాట్సాప్ మెసేజ్ పెట్టి వదిలేయకండి, కొడుకును వెంటబెట్టుకుని వెళ్లి ముఖాముఖి చెప్పండి. బాకీ ఫీజు ఉంటే కట్టేయండి. కుర్రాడి బౌట్ల రికార్డు, డాక్టర్ రాసిన కాగితాలు అన్నీ తీసుకుని కొత్త ట్రైనర్ చేతిలో పెట్టండి. ఎప్పుడు దెబ్బ తగిలింది, ఏ తారీఖున బౌట్ ఆపారు, ఎన్ని రోజులు రెస్ట్ చెప్పారు, నోటితో కూడా చెప్పండి. ఆ రోజులు పూర్తయ్యేదాకా స్పారింగ్‌కు పంపనని మొదటి రోజే, ఫీజు కట్టకముందే, ఆయనతో ఒప్పించండి. ఒప్పుకోకపోతే అక్కడి నుంచే వాపస్ వచ్చేయండి.